పొందూరు నూరో నంబరు పంచె: కొనేముందు తెలుసుకోవాల్సినవి

మా చిన్నోడి పెళ్లిలో నేను కట్టిన పంచె చూసి, పొందూరు ఖాదీకి అంత డబ్బు పెట్టొచ్చా అని చాలామంది అడిగారు. పెట్టొచ్చు. నూరో నంబరు నూలుతో నేసిన అసలు సరుకు దొరికితే బేరం ఆడకుండా తీసుకోండి. బేరం ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే ఇంత రాస్తున్నాను. నేను విశాఖలో పన్నుల ప్రాక్టీసు చేస్తాను. మా మామ్మ పొందూరు ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనే రాట్నం తిప్పిన మనిషి. అందుకని ఈ సమీక్షలో గుడ్డ సంగతి ఎంత ఉంటుందో పన్నుల సంగతీ అంత ఉంటుంది.

ముందు గుడ్డ. మడత విప్పగానే తెలిసేది తేలికదనం. పంచెల చాపు మొత్తం చేతిలో పట్టుకున్నా బరువు తెలియదు. తెలుపు కూడా మిల్లు పంచెలాగా కళ్లు చెదిరే నీలం తెలుపు కాదు, కాస్త మీగడ ఛాయ ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పోగులన్నీ ఒకేలా ఉండవు. అక్కడక్కడా ఒక పోగు రవ్వంత లావుగా, పక్కది సన్నగా కనిపిస్తుంది. చేత్తో వడికిన నూలుకి అదే గుర్తు. మే నెలలో, విశాఖ ఉక్కపోతలో, పీటల మీద నాలుగు గంటలు కూర్చున్నాను. చెమట పట్టింది, పీల్చుకుంది, ఆరిపోయింది. ఒంటికి అంటుకోలేదు.

నూరో నంబరు అంటే ఏమిటో చాలామందికి తెలియదు, దుకాణాల్లో కూడా సరిగ్గా చెప్పరు. ఒక పౌను బరువు పత్తి నుంచి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది నూలు నంబరు. నూరో నంబరు అంటే ఒక పౌను, అంటే దాదాపు 454 గ్రాముల పత్తిలోంచి 84,000 గజాల పోగు తీయాలి. కిలోమీటర్లలో చెబితే 77కి కాస్త తక్కువ. గ్రాము పత్తికి సుమారు 169 మీటర్లు. ఇదంతా కరెంటు లేకుండా, ఒకే కదురున్న రాట్నం మీద, ఒక ఆడమనిషి ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి వస్తుంది.

పెళ్లికి ముందు పొందూరు వెళ్లి కొనుక్కున్నాను. విశాఖ నుంచి వెళ్తే హౌరా–చెన్నై లైను మీద సిగడాం దాటాక వచ్చే స్టేషను, పాసింజరు రైలు ఆగుతుంది. 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం అక్కడే ఉంది. 1955లో వినోబా భావే శంకుస్థాపన చేసిన భవనం వాళ్లది. సరుకు చూపించేవాళ్లు ఓపిగ్గా చూపిస్తారు, ఏది ఎంత నంబరో అడిగితే చెప్తారు. కానీ సరుకు కంటే ముందు వడికేవాళ్లని చూడండి. నేను కూర్చున్న ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ పత్తి ఏకుతోంది. ఏకడానికి ఆవిడ చేతిలో ఉన్నది వాలుగ చేప దవడ. సన్నటి పళ్ల వరుస ఉన్న ఎముక. విత్తనం ఉండగానే పత్తిని ఆ పళ్ల మీద ఒక్కొక్క గింజ చొప్పున దువ్వుతున్నారు. దువ్వినప్పుడల్లా పీచు నిటారుగా, పట్టులాగా మెరుస్తూ లేచి నిలబడుతుంది, నలుసులు కింద రాలిపోతాయి. అప్పుడు గింజ నుంచి పత్తిని వేరుచేస్తారు. దూదిని మెత్తగా చేసి, ఏకులు చుట్టి, మురికి పడకుండా ఎండిన అరటి పట్టలో పెట్టుకుంటారు.

"మిసను మీద పెడితే పీసు సచ్చిపోద్ది బాబూ. ఈ దవడ ఉంటేనే నున్నదనం," అంది ఆవిడ, చెయ్యి ఆపకుండా. నన్ను కూడా ఒక గింజ దువ్వి చూడమంది. ఆవిడ రెండు మూడు ఊపుల్లో చేసే పనికి నాకు చాలాసేపు పట్టింది.

ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసు ఆడవాళ్లు. కోడళ్లు, మనవరాళ్లు రావడం లేదు. కూలి గిట్టుబాటు కాదు, అందుకని రావడం లేదు. ఇది కొత్త సంగతి కాదు. ఈ గుడ్డకి ధర ఎవరు పెట్టాలి, పోగు తీసిన చేతికి ఎంత దక్కాలి అన్న తగువు మన తీరంలో రెండు వందల యాభై ఏళ్లుగా నడుస్తోంది. ఈస్టిండియా కంపెనీకి మన ఉత్తర సర్కార్లలో విశాఖ, ఇంజరం, మాదపాలెంలో ఫ్యాక్టరీలు ఉండేవి. ఫ్యాక్టరీలంటే యంత్రాలు కావు, సరుకు పోగేసే కోఠీలు. మాదపాలెం అనే మెత్తటి నూలు గుడ్డకి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. కంపెనీ ముందుగా బయానా ఇచ్చేది. బయానా తీసుకున్న నేతగాడు ఇంకొకరికి గుడ్డ అమ్మకూడదు. ధర కంపెనీది, నాణ్యత తేల్చేది కంపెనీ మనిషి. గడువు దాటితే ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టేవాళ్లు, ఆ బంట్రోతు బత్తెం కూడా నేతగాడే పెట్టుకోవాలి. మన నేతగాళ్లు నోరు మూసుకుని ఊరుకోలేదు. మగ్గాలు ఆపారు, గుంపులుగా కదిలారు, అర్జీలు పెట్టుకున్నారు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చేతులు కట్టుకుని అణిగిమణిగి ఉన్నారన్నట్టు చాలామంది రాస్తుంటారు.

తర్వాత కంపెనీ గుడ్డ కొనడం మానేసింది, ఇంగ్లండులోని మాంచెస్టరు మిల్లు గుడ్డ దిగింది. 1840 నాటికి ఇంగ్లండు నూలు బట్టలు మన దేశంలోకి వస్తే సుంకం నూటికి మూడున్నర. మన నూలు బట్టలు అక్కడికి వెళ్తే నూటికి పది. నా వృత్తిలో ఉన్నవాడికి ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు. ఒక దేశపు నేతని ఎలా చంపాలో ఆ టారిఫ్ పట్టీలో ఉంది.

అది సరిహద్దు దగ్గర పన్ను. దేశం లోపల ఇంకొకటి ఉండేది, మొహతర్ఫా అనే చేతివృత్తుల పన్ను. మద్రాసు రాజధానిలో మగ్గం మీద, వడ్రంగి పనిముట్ల మీద, కంసాలి కొలిమి మీద, దుకాణం మీద, చివరికి దారి పక్కన తట్ట పెట్టుకుని అమ్ముకునేవాడి మీద కూడా వేసేవాళ్లు. లాభం వచ్చిందా లేదా అన్న లెక్క లేదు. పనిముట్టు చేతిలో ఉంటే చాలు, పన్ను పడినట్టే. నేను రోజూ రిటర్నులు వేస్తాను. ఏ పన్నుకైనా ఆదాయమో, అమ్మకమో ఏదో ఒక ఆధారం ఉంటుంది. దీనికి ఆధారం బతకడానికి పని చేయడమే.

దీని మీద గట్టిగా కాగితం పెట్టినవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుడు, ఆయన వ్యాపారమూ బట్టలదే, మద్రాసు రుమాళ్లు, నీలిమందు. 1844లో క్రెసెంట్ అనే పత్రిక నడిపాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. కాంగ్రెసు పుట్టడానికి 33 ఏళ్ల ముందు మాట ఇది. ఆ ఏడాదే వాళ్లు బ్రిటిష్ పార్లమెంటుకి మహజరు, అంటే విన్నపపత్రం పంపారు. అందులో మొహతర్ఫా గురించి ఒక మాట ఉంది: పనివాడి చేతిలో ఉన్న చవక పనిముట్టు ఖరీదు కంటే, దాన్ని వాడుకోనిచ్చినందుకు వసూలు చేసే పన్ను తరచుగా ఆరింతలు ఉంటుందని. నా క్లయింట్లకి ఎప్పుడన్నా నోటీసు వచ్చి టెన్షన్ పడితే నాకు ఈ ఆరింతలే గుర్తొస్తుంది. కత్తెర ఖరీదుకి ఆరు కత్తెరల పన్ను కట్టి మరీ పని చేసుకున్నారు మన ముత్తాతలు.

కట్టలేకపోతే? అప్పట్లో తాసీల్దారు చేతిలోనే పన్నుల వసూలు, పోలీసు అధికారం రెండూ ఉండేవి. బాకీ అడిగేవాడూ వాడే, కొట్టేవాడూ వాడే. దాన్బీ సెయ్‌మూర్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి లక్ష్మీనరసు శెట్టి 1853లో జిల్లాల్లో దగ్గరుండి తిప్పి, జనం చేతే చెప్పించాడు. మరుసటేడు ఆ సంగతి పార్లమెంటులో చర్చకొచ్చింది. చిత్రహింసల మీద విచారణ కమిషన్ వేయక తప్పలేదు. 1855లో ఆ కమిషన్ రిపోర్టు ఇచ్చింది: అవును, పన్నుల కోసం హింసించడం మామూలుగా జరుగుతోందని. కిట్టి అంటే రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం. అనందాళ్ అంటే మనిషిని వంచి, తాడుతో మెడని కాళ్లకి కట్టేసి ఎండలో వదిలేయడం. నేతగాడికి, వడికేవాళ్లకి వేళ్లే ఆస్తి. కిట్టి వేసిన వేలితో నూరో నంబరు పోగు తీయగలరా? పొందూరు అరుగు మీద ఆవిడ ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చూస్తూ నాకు ఆ కమిషన్ రిపోర్టే మెదిలింది.

ఆ రిపోర్టు ఊరికే పోలేదు. పోలీసుని రెవెన్యూ నుంచి విడదీయాలన్న వాదనకి అది బలమైంది, 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. 1861లో మొహతర్ఫా రద్దయింది. ఈ పోరాటానికి ఆస్తంతా ఖర్చు పెట్టిన లక్ష్మీనరసు శెట్టి 1868లో చేతిలో డబ్బు లేని స్థితిలో చనిపోయాడు. మన స్కూలు పుస్తకాల్లో ఆయనకి ఒక పేరా కూడా దొరకడం కష్టం. ఇది నాకు నిజంగా బాధ. తెలుగువాడు, బట్టల వ్యాపారి, కత్తి పట్టకుండా అర్జీలతో, సాక్ష్యాలతో ఒక పన్నుని ఎత్తేయించడంలో ముందు నిలబడ్డాడు. నా వృత్తిలో ఉన్నవాళ్లం ఎవరి ఫొటో అయినా ఆఫీసులో పెట్టుకోవాలంటే ఆయనదే పెట్టుకోవాలి.

మొహతర్ఫా పోయినా మాంచెస్టరు పోలేదు. 1896లో దిగుమతి బట్టల మీద నూటికి మూడున్నర సుంకం ఉంచి, దానికి సరిగ్గా సరితూగేలా మన మిల్లు బట్టల మీదా మూడున్నర ఎక్సైజు వేశారు. మాంచెస్టరు ఉన్న లంకాషైరు సీమ మిల్లుల వాళ్లకి నష్టం రాకూడదని. అది ఎత్తేయడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

ఇక్కడే పొందూరు కథ మళ్లీ మొదలవుతుంది. 1921లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ కూర్చుని దేశమంతా 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. చాలా చోట్ల రాట్నం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. పొందూరులో అప్పటికే తిరుగుతోంది. ఇంత సన్నటి నూలు చేత్తో ఎలా వస్తోందో చూసి రమ్మని గాంధీ ఆ ఏడాదే కొడుకు దేవదాసుని పంపారని ఊళ్లో ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఖద్దరు అంటే గోనెలాగా ముతగ్గా ఉంటుందని ఎగతాళి చేసినవాళ్లకి పొందూరు పంచె చూపించి నోరు మూయించేవాళ్లట. 1935లో అఖిల భారత చరఖా సంఘం వడికేవాళ్లకి బతకడానికి సరిపడా కూలి ఇవ్వాల్సిందేనని నిర్ణయం తీసుకుంది. గుడ్డ ధర పెరిగితే పెరగనివ్వండి, కొనేవాళ్లు భరించాలి అన్నది దాని సారాంశం. స్వదేశీ గుడ్డ కడితే సరిపోదు, దాన్ని వడికిన మనిషి కడుపు కూడా నిండాలి. ఇప్పుడు దుకాణం కౌంటరు దగ్గర మనం ఆడే బేరం నేరుగా ఆ కూలిలోంచే కోసుకుపోతుంది.

ఇక నకిలీల సంగతి. మా బావగారు నగరంలో ఒక పెద్ద దుకాణంలో పొందూరు అని అమ్మితే కొన్న పంచె తెచ్చి నా పంచె పక్కన పెట్టాం. అంచు మీద పొందూరు అని ముద్ర ఉంది, అట్టపెట్టె మీద రాట్నం బొమ్మ ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే పోగులన్నీ గీత గీసినట్టు ఒకే లావు. ఒక పోగు లాగి కాల్చాం, కొస గట్టిపడి నల్లటి పూసలా ముద్దకట్టింది. అంటే అందులో పాలిస్టరు ఉంది. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలిపోతుంది. బావగారు తిరిగి ఇవ్వబోతే "మాకు పైనుంచి అలాగే వచ్చింది" అన్నారట, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఇలాంటి సరుకు వల్ల పోయేది బావగారి డబ్బు ఒక్కటే కాదు. పొందూరు పేరు మీద చవగ్గా దొరుకుతుంటే అసలు పంచె ధర విని జనం వెనక్కి తగ్గుతారు, అరుగు మీద రాట్నం ఆగిపోతుంది.

అందుకని అసలు ఖాదీ అని ధ్రువీకరించే ఖాదీ మార్క్ లేబులు చూడండి, బిల్లు అడగండి. బిల్లు దగ్గర ఇంకో విషయం. ఖాదీ కమిషన్, దాని ధ్రువీకరణ ఉన్న సంస్థలు అమ్మే ఖాదీ గుడ్డ మీద జీఎస్టీ లేదు. కుట్టిన చొక్కా అయితే ఆ మినహాయింపు రాదు. గుడ్డ మీద కూడా ఎవరన్నా జీఎస్టీ వేసి ఇస్తే, ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికక్కడే అడగండి. మొహతర్ఫా కట్టిన ఊళ్ల గుడ్డకి ఈ రోజు సున్నా పన్ను అన్న గీత బిల్లులో చూసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

లోపాలు కూడా చెప్పాలి. పల్చన, అంచేత లోపల ఏం కట్టుకున్నారో చూసుకోవాలి. గంజి పెట్టకపోతే ఉతికిన మర్నాటికే నలిగిపోతుంది. వాషింగ్ మెషిన్‌లో వేయకూడదు. నేను సబ్బు నీళ్లలో నానబెట్టి, పిండకుండా జాడించి, పల్చటి బియ్యపు గంజిలో ముంచి నీడన ఆరేస్తాను. పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేస్తే మడత నిలబడుతుంది. బ్లీచింగ్ పెడితే ఆ మీగడ ఛాయ పోతుంది. ఉద్యోగానికి రోజూ కట్టుకోవడానికి నూరో నంబరు పంచె అందరికీ కుదరదు, ధర వేలల్లో ఉంటుంది. రోజువారీకి తక్కువ నంబరు నూలు చొక్కా గుడ్డలు ఉన్నాయి, మీటరు ధర వందల్లోనే మొదలవుతుంది, ఉతుకులకి గట్టిగా నిలబడతాయి. అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచె, లాల్చీ తప్ప ఇంకేమీ కట్టనట్టు కనిపించేవారు. ఆయన పంచె మడతలో ఆ నిటారుతనం గంజి, ఇస్త్రీ సరిగ్గా పడితేనే వస్తుంది.

ఆడవాళ్లకైతే జాందానీ (నేతలోనే చేత్తో బొమ్మలు తీసిన) చీరలు అడగండి. దుకాణంలో ఎప్పుడూ సిద్ధంగా ఉండవు, చెప్పి చేయించుకోవాలి, నెలలు పడుతుంది. ఆర్డరిచ్చాక తొందరపెట్టకండి. మా ఆవిడ ఒకటి చెప్పింది, ఇంకా రాలేదు. చొక్కా గుడ్డ తీసుకుంటే మాత్రం టైలరు చెప్పిన కొలత కంటే పావు మీటరు ఎక్కువ తీసుకుని, కుట్టించేముందు ఒకసారి తడిపి ఆరేయండి. మొదటి ఉతుకుకి కొంచెం కుంచించుకుపోతుంది.